మా పాప కంట్లో తెల్ల చుక్క

మా పాప కుడికంటి నల్లగుడ్డు మీద, కింది అంచుకి దగ్గరగా, ఆవగింజలో సగమంత తెల్ల మచ్చ ఉంది. ఎదురుగా చూస్తే తెలియదు, పక్కనుంచి టార్చి వేస్తే కనిపిస్తుంది. కాంటాక్ట్ లెన్సు వల్ల కార్నియా మీద, అంటే నల్లగుడ్డుని కప్పే అద్దంలాంటి పొర మీద, పుండు పడి మానిన గుర్తు అది. పిల్లలకి లెన్సులు ఇవ్వొచ్చా, ఏ వయసులో ఇవ్వొచ్చు అని కావలిలో మా చుట్టాలు, పాప స్నేహితురాళ్ల అమ్మలు అడుగుతూనే ఉంటారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మా వైపు ఆడపిల్లలు చాలామంది మొదటిసారి లెన్సు పెట్టేది ఓణీల ఫంక్షన్‌కి, ఫొటోల్లో కళ్లద్దాలు పడకూడదని. మాదీ అంతే. పాపకి అప్పుడు 13 ఏళ్లు, రెండు కళ్లకీ మైనస్ 5.50. షాపులో కళ్లద్దాల చీటీ చూసి అదే నంబరుకి నెలవారీ లెన్సులు ఇచ్చేశారు. అక్కడే రెండు తప్పులు జరిగాయి. కళ్లద్దం కంటికి దాదాపు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్సు కంటి మీదే ఉంటుంది. అందుకని నంబరు 4 దాటితే మైనస్ కొంత తగ్గించి ఇవ్వాలి. 5.50కి లెన్సులో 5.25 సరిపోతుంది. రెండోది, లెన్సు పెట్టాక స్లిట్ ల్యాంపు కింద, అంటే కంటిని పెద్దది చేసి చూపే యంత్రంలో, చూడాలి. రెప్ప కొట్టినప్పుడల్లా లెన్సు కొంచెం కదిలి మళ్లీ చోటుకి రావాలి. బిగుసుకుని కూర్చుంటే దాని కింద కన్నీరు మారదు. కార్నియాలో రక్తనాళాలుండవు, కన్ను తెరిచి ఉన్నంతసేపూ దానికి ఆక్సిజన్ బయటి గాలి నుంచే అందాలి.

పుండుకి అసలు కారణం మాత్రం మా ఇంట్లోనే ఉంది. లెన్సు నానబెట్టే డబ్బాలో పాత సొల్యూషన్ (లెన్సుని శుభ్రం చేసే మందు నీళ్లు) పారబోయకుండా, తగ్గినంత పైన పోస్తూ వచ్చాం, పొదుపనుకుని. ఒకసారి వాడిన సొల్యూషన్‌లో క్రిమిని చంపే బలం తగ్గిపోతుంది, దాంట్లో కొత్తది కలిపితే కొత్తదాని బలమూ తగ్గుతుంది. వారానికోసారి డబ్బాని కుళాయి కింద కడిగేవాళ్లం. బోరు నీళ్లు మేడ మీది ట్యాంకులోకెక్కి అక్కణ్ణుంచి కుళాయికొస్తాయి. తొట్టి అడుగున పట్టినట్టే డబ్బాలోనూ పాకుడు పట్టింది. చూస్తే తెలియలేదు, చిటికెన వేలు పెడితే జారుడుగా తగిలింది. ఆ పాకుడు చాటున క్రిములు సొల్యూషన్‌కి చిక్కకుండా బతికేస్తాయి. ఆర్వో నీళ్లు, క్యాను నీళ్లు కూడా లెన్సుకి పనికిరావు. అకాంతమీబా అనే ఏకకణ జీవి క్లోరిన్ కలిపిన నీళ్లలోనూ బతుకుతుంది, అది కంట్లో చేరితే మందు నెలల తరబడి వేయాలి. వీటికి తోడు ఎండాకాలం మధ్యాహ్నాలు మా పాప లెన్సుతోనే కునుకు తీసేది. రెప్ప మూసి ఉన్నంతసేపూ గాలి అందక కార్నియా పైపొర బలహీనపడుతుంది, క్రిమికి దారి దొరుకుతుంది.

గురువారం కన్ను ఎర్రబడింది, పాప చెప్పలేదు. శుక్రవారం పొద్దున వెలుతురు చూడలేక దిండులో మొహం దాచుకుంది. మందుల షాపులో కళ్లకలకని చుక్కల మందు ఇస్తే వేశాం. దాంట్లో స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ ఎరుపుని తగ్గిస్తుంది, క్రిమితో పోరాడే శక్తినీ తగ్గిస్తుంది. సాయంత్రానికి తెల్ల చుక్క కనిపించింది.

కళ్లకలకయితే పుసి కడుతుంది, గరగరలాడుతుంది, చాలాసార్లు రెండో కంటికీ పాకుతుంది, చూపు మాత్రం దాదాపు మామూలుగానే ఉంటుంది. పుండయితే ఎక్కువగా ఒకే కంట్లో గుచ్చినట్టు నొప్పి, వెలుతురు పడకపోవడం, చూపు మసక. లెన్సు పెట్టేవాళ్లకి ఈ నొప్పి, వెలుతురు, మసక అనే మూడింటిలో ఒక్కటి కనిపించినా లెన్సు తీసేసి ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కంటికి కట్టు కట్టకూడదు, లోపలి వెచ్చదనంలో క్రిమి ఇంకా పెరుగుతుంది. వాడిన లెన్సు, డబ్బా, సొల్యూషన్ సీసా పారేయకుండా తీసుకెళ్లండి. వాటి నుంచి కూడా కల్చర్ చేస్తారు, అంటే క్రిమిని పెంచి అదేదో తేలుస్తారు.

నెల్లూరులో డాక్టరమ్మ ముందు రంగు కాగితం తడిపి కంట్లో అంటించి, నీలం లైటులో చూసింది. పైపొర లేచిపోయిన చోట పచ్చగా మెరిసింది. తర్వాత మొద్దుబారే చుక్కలు వేసి, సన్నని బ్లేడుతో పుండు అంచులు గీకి, కొంత గాజు పలకల మీద, కొంత కల్చర్‌కి పెట్టింది. పిల్ల కదలకుండా ఉండాల్సింది ఒక్క నిమిషమే, నొప్పి తెలియదు. వచ్చింది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా. లెన్సు పెట్టేవాళ్లలో తరచుగా కనిపించే క్రిమి ఇదే. కార్నియా మధ్యలో అర మిల్లీమీటరు మందమే ఉంటుంది, ఈ క్రిమి దాన్ని ఒకటి రెండు రోజుల్లోనే కరిగించేయగలదు.

మాక్సిఫ్లాక్సాసిన్ చుక్కలు గంటకోసారి వేయమన్నారు, మొదటి రెండు రోజులు రాత్రుళ్లు కూడా. నొప్పికి కనుపాప పెద్దదయ్యే చుక్కలు రోజుకి మూడుసార్లు. ఒక మందుకీ ఇంకో మందుకీ మధ్య 5 నిమిషాల ఎడం ఉండాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. రాత్రి నిద్ర లేపకుండా పడుకోబెట్టే వేశాను. కింది రెప్పని కిందికి లాగి, ఆ సందులో ఒక్క చుక్క. సీసా మూతి రెప్పకి తగలకూడదు. రెండు రోజులకి పుండు పెరగలేదు. అదే మంచి కబురు, అప్పుడే చిన్నదవ్వాలని ఆశపడొద్దు. పది రోజులకి పైపొర కప్పుకుంది, మూడు వారాల దాకా చుక్కలు తగ్గిస్తూ వచ్చాం. మొదటి రోజు 6/60 (మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివేది 6 మీటర్ల నుంచి చదవగలగడం) ఉన్న చూపు ఆరు నెలలకి కళ్లద్దాలతో 6/9కి వచ్చింది. మచ్చ నడిమధ్య పడి ఉంటే ఇంత రాదు.

ఎర్రబడిన రోజే ఎందుకు చెప్పలేదే అంటే, "మా, కన్నుకి ఏమన్నా అయిందంటే లెన్సులు తీసి పారేస్తానన్నావు గదా" అంది. ఆ మాట అన్నది నేనే. అందుకే ఇప్పుడు ఎవరడిగినా వయసు, నంబరు తర్వాత చూద్దాం అంటాను. పుట్టుకతోనే శుక్లం వచ్చి ఆపరేషన్ అయిన పసిపిల్లలకి కూడా లెన్సులు పెడతారు. ఒక కంటికీ ఇంకో కంటికీ నంబరు బాగా తేడా ఉన్న పిల్లలకి చాలాసార్లు లెన్సే మేలు. వయసు అడ్డం కాదు. కన్ను బాగాలేనప్పుడు భయపడకుండా చెప్పే పిల్లేనా, చెబితే మీరు తిట్టకుండా వినగలరా, ముందు ఇది తేల్చుకోండి. లెన్సు కావాలన్న కోరిక పిల్లదేనా, మీదా అన్నదీ చూడండి.

తర్వాత చేతులు. పెట్టడం కంటే తీయడం చూడాలి. తనంతట తానే మూడు రోజులు వరసగా, మీ సాయం లేకుండా తీయగలగాలి. పైకి చూస్తూ, చూపుడు వేలితో లెన్సుని కిందికి, తెల్లగుడ్డు మీదికి జరిపి, వేళ్ల మెత్తటి భాగంతో పట్టి తీయాలి. గోరు తగలకూడదు. ఎండి అతుక్కుంటే లెన్సుకి పనికొచ్చే చుక్కలు వేసి కాసేపు ఆగాలి, గిల్లకూడదు. పెట్టేముందు తిరగబడిందేమో చూసుకోవాలి. రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కితే కజ్జికాయ అంచుల్లాగా లోపలికి ముడుచుకుంటే సరైనది, బయటికి విచ్చుకుంటే తిరగబడినట్టు. ఎప్పుడూ కుడికన్నే ముందు, అప్పుడు తారుమారవ్వవు.

మన ఇళ్లలో ఇంకొన్ని ఉన్నాయి. చేపల పులుసు కలిపి తిన్న చేతికి ఒక్కసారి సబ్బు రుద్దితే కారం పోదు, అందుకే రాత్రి అన్నానికి ముందే లెన్సు తీసేయాలి. తలంటు, కుంకుడు రసం అయ్యి, జుట్టు ఆరాకే పెట్టాలి. కాటుక రెప్ప లోపలి అంచుకి పెట్టకూడదు. మైపాడు సముద్రంలో దిగినా, రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో నిలబడినా లెన్సు ఇంట్లోనే ఉండాలి. అక్క రంగు లెన్సు చెల్లెలు పెట్టుకోవడం అసలు కూడదు.

ఎండలు ముదిరితే కళ్లు దురదపెట్టి నలుపుకునే పిల్లలకి, ముఖ్యంగా మగపిల్లలకి, ఆ అలర్జీ అదుపులోకి వచ్చేదాకా వద్దు. మామూలు లెన్సుతో నంబరు పెరగడం ఆగుతుందనీ అనుకోవద్దు.

పాపకి ఏడాది తర్వాత మళ్లీ ఇచ్చాం, ఈసారి రోజుకో జత పెట్టి పారేసేవి. డబ్బా, సొల్యూషన్, పాకుడు అనే మాటే లేదు. నెలవారీవే కొనేవాళ్లు సొల్యూషన్ రోజూ కొత్తది పోయండి, డబ్బాని సొల్యూషన్‌తోనే కడిగి బోర్లించి ఆరబెట్టండి, మూడు నెలలకి మార్చండి. నెల అంటే ప్యాకెట్ చింపిన రోజు నుంచి, పెట్టుకున్న రోజులు లెక్కేయకూడదు. బడి సంచిలో ఇప్పటి నంబరు కళ్లద్దాలు ఎప్పుడూ ఉండాలి. అవి లేకపోతే కన్ను గుచ్చుతున్నా పిల్ల లెన్సు తీయదు, బోర్డు కనపడదని.