హెల్ప్ పేజీ ఎవరి మాటతో మొదలవ్వాలి?

పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్‌కు యూజర్ మాన్యువళ్లు, హెల్ప్ పేజీలు రాయడమే నా వృత్తి. ఈ రంగంలో నాకంటే చాలా ముందునుంచి పనిచేస్తూ, టెక్నికల్ కమ్యూనికేషన్ గురించి తరచుగా ఉపన్యాసాలిచ్చే ఒక నిపుణురాలి ప్రసంగం వినే అవకాశం ఇటీవల కలిగింది. ఆమె ప్రస్తావించిన సంగతుల్లో చాలావరకు నేను ఇదివరకు చదివినవే. అయినా వాటిని ఆమె మా కళ్లముందు ఉంచిన తీరు చూశాక, నేను రాసిన పేజీలన్నీ మళ్లీ తెరిచి చదువుకోవలసి వచ్చింది.

ఆమె స్లైడ్లతో మొదలుపెట్టలేదు. ఒక హెల్ప్ పేజీని తెరమీద ఉంచి, శ్రోతల్లో ఒకరిని పిలిచి, అందులోని స్టెప్పులను పైకి చదువుతూ ఒక్కొక్కటే కంప్యూటర్‌లో చేసుకుంటూ వెళ్లమన్నారు. నాలుగో స్టెప్పులో పాత రికార్డులను ఎంచుకుని డిలీట్ నొక్కమని ఉంది. ఆయన నొక్కారు. ఐదో స్టెప్పుకు వెళ్లబోతూ, మధ్యలో చిన్న పెట్టెలో ఉన్న గమనిక చదివి ఆగిపోయారు. డిలీట్ చేసేముందు బ్యాకప్ తీసుకోవాలని, తొలగించిన రికార్డులు తిరిగి రావని అందులో ఉంది. ఆ పేజీలో వాక్యదోషం గానీ సాంకేతికంగా తప్పుడు సమాచారం గానీ ఏదీ లేదని, దోషమంతా వరుసలోనే ఉందని ఆమె వివరించారు. రాసినవారు పేజీ మొత్తాన్ని ఒకేసారి చూస్తారు కాబట్టి గమనిక ఎక్కడున్నా ఒకటే అనుకుంటారు. చదివేవారు మాత్రం ఒక వాక్యం చదవగానే ఆ పని చేసేసి, ఆ తరువాతే రెండో వాక్యానికి వస్తారు. సాంకేతిక పత్రాలను ఎలా నిర్మించాలో చెప్పే డిటా అనే ఎక్స్ఎంఎల్ ప్రమాణాన్ని, ఇలాంటి ప్రమాణాలను రూపొందించే ఒయాసిస్ సంస్థ 2005లో ఆమోదించింది. పని ఎలా చేయాలో చెప్పే పేజీల నిర్మాణంలో, ముందుగా సిద్ధం చేసుకోవలసిన వాటికి స్టెప్పుల కంటే పైనే స్థానం కేటాయించడం అందులో ఉంది. ఆ నియమం నేను ఏళ్ల తరబడి యాంత్రికంగా పాటిస్తూ వచ్చాను. దాని విలువ ఏమిటో, ఆ వేదికమీద ఒక మనిషి చెయ్యి మౌస్‌మీద ఆగిపోయినప్పుడు నాకు తెలిసింది.

అక్కడినుంచి ఆమె 1980ల నాటి పరిశోధనలవైపు మళ్లారు. ఐబీఎం పరిశోధనా కేంద్రంలో జాన్ క్యారల్, ఆయన సహచరులు కలిసి, కార్యాలయ ఉద్యోగులు వర్డ్ ప్రాసెసర్ నేర్చుకునే తీరును దగ్గర కూర్చుని గమనించారు. మాన్యువల్‌ను మొదటి పేజీనుంచి చదివేవారు అరుదు. అందరికీ తమ పని ముందుకు సాగడమే ముఖ్యం. ఓపిగ్గా చదివితే తరువాత సమయం కలిసివస్తుందని తెలిసినా, ఇప్పుడే ఏదో ఒకటి నొక్కి చూడాలన్న ఆతురతే నెగ్గుతుంది. 1987లో క్యారల్, మేరీ బెత్ రోసన్ ఈ ధోరణిని చురుకైన యూజర్ వైరుధ్యంగా వర్ణించారు. ఈ పరిశోధనల నుంచే మినిమలిజం అనే రచనాపద్ధతి వచ్చింది. పేరును బట్టి చాలామంది దీన్ని మాటలు తగ్గించే పద్ధతిగా మాత్రమే అర్థం చేసుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. పొరపాటు జరిగినప్పుడు దాన్ని గుర్తించడం ఎలా, దాన్నుంచి బయటపడడం ఎలా అన్న సమాచారాన్ని, పొరపాటు జరిగే చోటే ఉంచాలన్న సూత్రం అందులో అంతే ముఖ్యమైనదని ఆమె చెప్పిన తరువాత గానీ నాకు గుర్తురాలేదు.

ఇంకో సంగతి ఆమె క్లుప్తంగానే చెప్పి వదిలేశారు కానీ, నాకు చాలా విలువైనదిగా తోచింది. 1990లో విండోస్ 3.0తో పాటు, హెల్ప్‌ను తెరమీదే చదువుకునే విన్‌హెల్ప్ వచ్చి, అచ్చుపుస్తకంలా వరుసగా సాగే మాన్యువల్ స్థానంలో లింకులతో కలిపిన విడివిడి పేజీలు అలవాటయ్యాక, ప్రతి పేజీ ఎవరో ఒకరికి మొదటి పేజీ అయింది. "పైన చెప్పినట్లు" అని రాస్తే, ఆ పైన ఏముందో చదువరికి తెలియదు.

ఇంటికి వచ్చి నేను మొదట తెరిచినది, సీఎస్‌వీ ఫైళ్ల (పట్టికలోని సమాచారాన్ని కామాలతో వేరుచేసి ఉంచే సాదా ఫైళ్ల) ఎక్స్‌పోర్ట్ గురించి నేనే రాసిన పేజీ. దాని శీర్షిక "ఎన్‌కోడింగ్ ఎంపికలు". అక్షరాలను కంప్యూటర్ సంఖ్యలుగా దాచుకునే పద్ధతే ఎన్‌కోడింగ్, యూటీఎఫ్-8 అందులో ఒకటి. ఎన్‌కోడింగ్ అంటే ఏమిటి, యూటీఎఫ్-8 అంటే ఏమిటి, ఏ ఎంపిక ఎప్పుడు వాడాలి అన్నవి క్రమంగా వివరించి, మంచి పేజీ రాశానన్న తృప్తితో ఉండేవాడిని. సపోర్ట్ టీమ్‌కు మాత్రం అదే విషయంపై టికెట్లు, అంటే సాయం కోరే వినతులు, వస్తూనే ఉండేవి. ఈసారి హెల్ప్‌లో జనం వెతికిన మాటల జాబితా తెప్పించుకుని చూశాను. "తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి", "పేర్లు చదవడానికి రావడం లేదు", "ఫైలు పాడైపోయింది" అన్నవే అందులో ఎక్కువ. ఎన్‌కోడింగ్ అన్న మాటతో వెతికినవారు ఒక్కరూ లేరు. ఆ మాట తెలిసినవారికి నా పేజీ అవసరమే ఉండదు. ఫైలు నిజానికి పాడైపోదు, స్ప్రెడ్‌షీట్ దాన్ని వేరే ఎన్‌కోడింగ్‌గా భావించి తెరవడం వల్ల అక్షరాలు అలా కనిపిస్తాయి, అంతే. ఆ భరోసా ఇచ్చే వాక్యం నా పేజీలో పన్నెండో పేరాలో ఉంది.

తెలుగులో రాయడం గురించి కూడా ఆ రోజునుంచి ఎక్కువగా ఆలోచిస్తున్నాను. పని జరిగే చోటును ముందు చెప్పి, పనిని తరువాత చెప్పాలన్నది ఆంగ్లంలో రాసేవారు ప్రత్యేకంగా నేర్చుకోవలసిన నియమం. "ఫైల్ మెనూలో సేవ్ నొక్కండి" అనడం మనకు సహజంగానే వస్తుంది, ఎందుకంటే మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. ఈ సౌలభ్యాన్ని చేతులారా పోగొట్టుకుని, "ఫైలు సేవ్ చేయబడును", "మార్పులు నమోదు చేయబడినవి" వంటి వాక్యాలు రాస్తున్నాం. సేవ్ చేసేది సాఫ్ట్‌వేరా, యూజరా? తెరముందు కూర్చున్న మనిషికి తెలియవలసింది అదే, ఆ వాక్యం దాచిపెట్టేదీ అదే. "సాఫ్ట్‌వేర్ ప్రతి ఐదు నిమిషాలకు ఫైలును దానంతట అదే సేవ్ చేస్తుంది, మీరు ఏమీ చేయనక్కరలేదు" అంటే సందేహం ఉండదు. విమాన నిర్వహణ పత్రాలకోసం రూపొందించిన సరళీకృత సాంకేతిక ఆంగ్లంలో, పని చేయమని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు. విభక్తులు పదాల్లోనే కలిసిపోయే మన భాషకు ఆ సంఖ్య ఇంకా తక్కువే ఉండాలని నా అభిప్రాయం.

స్క్రీన్‌షాట్ల విషయంలో మాత్రం ఆమెతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ప్రతి రిలీజ్‌కు అవి పాతబడిపోతాయి కాబట్టి వీలైనంత తగ్గించాలని ఆమె సూచన. నిర్వహణ భారం నిజమే, కానీ కొత్తగా కంప్యూటర్ ముందు కూర్చున్నవారికి తాము సరైన చోటే ఉన్నామన్న ధైర్యం ఆ బొమ్మే ఇస్తుంది.

ఎక్స్‌పోర్ట్ పేజీని తిరగరాశాను. ఇప్పుడు దాని శీర్షిక "ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలులో తెలుగు అక్షరాలు సరిగా కనిపించకపోతే". మొదటి వాక్యం ఫైలు పాడవలేదని చెబుతుంది, ఆ వెంటనే స్టెప్పులు ఉంటాయి, ఎన్‌కోడింగ్ గురించిన వివరణ చివరికి వెళ్లింది. ప్రచురించేముందు, ఆ నిపుణురాలు చేసినట్లే, కొత్తగా చేరిన ఒక సహోద్యోగిని కూర్చోబెట్టి పైకి చదువుతూ చేయమన్నాను. మూడో స్టెప్పు దగ్గర ఆమె ఆగి, "ఎగుమతి బటన్ ఎక్కడుందండీ?" అని అడిగారు. తెరమీద బటన్ పేరు ఎక్స్‌పోర్ట్. ఆ స్టెప్పులో మాట మార్చి, మళ్లీ మొదటినుంచి చదవమన్నాను.