ఫైలు ఢిల్లీలో ఉంది

2021 నవంబరు. చీఫ్ జస్టిస్ గారి పేషీ నుంచి ఫోనొచ్చేసరికి కోర్టు క్యాంటీన్‌లో ఉన్నాను. ఇడ్లీ ప్లేటు అలాగే వదిలేసి, చేయి కడుక్కుని, గౌను సర్దుకుంటూ వెళ్లాను. "హైకోర్టు జడ్జి పదవికి మీ పేరు అనుకుంటున్నామమ్మా, మీకు సమ్మతమేనా?" అన్నారాయన. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్లు, ప్రాక్టీసు పెట్టి ఇరవై మూడేళ్లు. "సమ్మతమే సార్" అన్నాను. వరండాలోకి వచ్చాక గానీ కాళ్లు వణుకుతున్నాయని తెలియలేదు.

ఆ వారమంతా మా ఇంట్లో భోజనాల బల్ల మీద కాగితాలే. అంగీకార పత్రం, ఐటీ రిటర్నులు, ఆస్తుల వివరాలు, నేను వాదించిన కేసుల్లో లా జర్నళ్లకెక్కిన తీర్పుల జాబితా. మా అమ్మాయి టైప్ చేస్తుంటే నేను సైటేషన్లు చదివాను. ఇరవై మూడేళ్ల పని ఒక్కచోట చూడటం అదే మొదటిసారి.

రాజ్యాంగం 217వ అధికరణం ప్రకారం హైకోర్టులో పదేళ్లు వకీలుగా చేసినవాళ్లు అర్హులే. దారే పొడుగు. హైకోర్టు చీఫ్ జస్టిస్, మరో ఇద్దరు సీనియర్ జడ్జీలు కలిసి పేరు పంపుతారు. రాష్ట్ర ప్రభుత్వం అభిప్రాయం చెప్పాలి, దానికి ఆరు వారాల గడువు. ఆ తర్వాత కేంద్ర న్యాయశాఖ, ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ) నివేదిక, జడ్జీల పేర్లు తేల్చే సీనియర్ జడ్జీల బృందమైన సుప్రీంకోర్టు కొలీజియం, మళ్లీ కేంద్రం, చివరికి రాష్ట్రపతి సంతకం. ఐబీకి నాలుగు నుంచి ఆరు వారాలు, కేంద్రం ఫైలు సుప్రీంకోర్టుకు పంపడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు అని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే గడువులు పెట్టింది. ఆ లెక్కన వేసవి సెలవుల్లోపు అటో ఇటో తేలిపోతుందనుకున్నాను.

ఐబీ ఆయన ఓ ఆదివారం పొద్దున వచ్చారు. మామూలు ప్యాంటూ చొక్కా, చేతిలో చిన్న డైరీ. కాఫీ తాగుతూ మా వారి ఉద్యోగం, పిల్లల చదువులు, అప్పులు అడిగారు. గోడ మీది గృహప్రవేశం ఫొటో దగ్గర ఆగి, "ఈయన మాజీ ఎమ్మెల్యే కదండీ, మీకేమవుతారు?" అన్నారు. మా మేనమామ క్లాస్‌మేటని చెప్పాను. రాసుకున్నారు. కిందింటి వాళ్లనీ, నాకు ఎదురుగా వాదించే ఇద్దరు వకీళ్లనీ కూడా అడిగారని తర్వాత తెలిసింది. ఇందులో నాకు బాధేమీ లేదు. రేపు మనుషుల ఆస్తులూ స్వేచ్ఛా తేల్చబోయే మనిషి గురించి ఆరా తీయకపోతేనే తప్పు.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. భూసేకరణ కేసుల్లో రైతుల తరఫున వాదించాను కాబట్టి నేను ప్రతిపక్షం మనిషినని ఒక వర్గం అంది. అంతకుముందు కొన్నాళ్లు ప్రభుత్వ సంస్థలకు స్టాండింగ్ కౌన్సిల్‌గా, అంటే వాటి తరఫు వకీలుగా చేశాను కాబట్టి పాత పాలకుల మనిషినని ఇంకో వర్గం అంది. రెండు పనులూ చేశాను. వకాలతు తీసుకున్న కేసు వాదించడమే నా వృత్తి. బార్ రూములో మాత్రం మాటలన్నీ ఈసారి ఏ కులానికి ఎన్ని, ఏ పార్టీ వాళ్లకు ఎన్ని అన్నదాని మీదే. నా తీర్పుల జాబితా గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

ఈలోపు ఢిల్లీకి ఓ ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది. దాని నకలు ఓ స్నేహితురాలి ఫోన్‌లో చూశాను. మా అత్తగారు రాసిచ్చిన రెండెకరాలు బినామీ భూమట. రిజిస్టర్డ్ దస్తావేజు మా బీరువాలోనే ఉంది. కానీ ఎవరికి చూపించను? హైకోర్టు ఏ పేర్లు పంపిందో బయటికి చెప్పరు. అధికారికంగా నా పేరే లేనప్పుడు నా మీద ఆరోపణ కూడా లేనట్టే, నా జవాబుకీ చోటు లేనట్టే.

వేసవి సెలవులు వెళ్లిపోయాయి. ఎవర్నడిగినా ఒకటే మాట: "ఫైలు ఢిల్లీలో ఉంది." మేడమ్ రేపో మాపో బెంచ్ ఎక్కేస్తారు, మన కేసు మధ్యలో వదిలేస్తారని క్లయింట్లు తగ్గారు. నలుగురు జూనియర్లలో ఒక్కడే మిగిలాడు.

2023 జనవరిలో సుప్రీంకోర్టు కొలీజియం కేంద్రం అభ్యంతరాలను బయటపెట్టింది. ఢిల్లీ వకీలు సౌరభ్ కృపాల్ పేరును అక్కడి హైకోర్టు 2017లోనే పంపింది, అప్పటికీ తేలలేదు. మద్రాసు వకీలు జాన్ సత్యన్ ప్రధానిని విమర్శించిన వ్యాసం ఒకటి షేర్ చేశారని ఐబీ రాసింది. అది అనర్హత కాదని కొలీజియం రెండోసారీ ఆ పేరు పంపింది. ఆ రాత్రి ఫోన్ తీసి నేనేమేం షేర్ చేశానా అని వెనక్కి వెళ్లి చూసుకున్నాను. వాళ్లకు కనీసం అభ్యంతరం ఏమిటో తెలిసింది, నాకు అదీ లేదు. జడ్జీల నియామకాల్లో ప్రభుత్వానికీ చోటిచ్చే ఎన్‌జేఏసీ అనే కమిషన్‌ను 2015లో సుప్రీంకోర్టు 4–1తో కొట్టేసినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పటికీ ఆ తీర్పు సరైనదేనంటాను. కానీ కొలీజియం తలుపులు ఇంత గట్టిగా మూసుకోవడమూ, ప్రభుత్వం కాదనకుండా ఔననకుండా ఫైలు మీద కూర్చోవడమూ రెండూ తప్పే. వద్దనుకుంటే ఫలానా కారణమని రాసి, ఫలానా తేదీలోపు చెప్పాలి.

ఇంకొకటి చెప్పాలి. ఆ రోజుల్లోనే ఒకావిడ వచ్చింది. భర్త పోయాడు, ఎకరన్నర పొలం. దాన్ని రిజిస్ట్రేషన్లు జరగని 22-ఎ నిషేధిత జాబితాలో పెట్టేశారు, కూతురి పెళ్లికి అమ్ముకోవడానికి లేదు. తిరుగులేని కేసు. ప్రభుత్వం మీద రిట్ వేయాలి. నేను తీరిక లేదని చెప్పి వేరే వకీలు పేరు రాసిచ్చాను. తీరిక లేకపోవడమేమిటి, ఆ వారం నా కాజ్ లిస్టులో రెండే కేసులున్నాయి. అంతకుముందు ఇరవై మూడేళ్లలో ఏ కేసునూ ప్రభుత్వానికి కోపమొస్తుందన్న భయంతో వదల్లేదు.

కర్ణాటకలో ఆదిత్య సోంధీ గారు, కొలీజియం రెండోసారి పేరు పంపాక కూడా నియామకం రాకపోవడంతో, 2022 ఫిబ్రవరిలో అంగీకారం వెనక్కి తీసుకున్నారు. ఆయన గురించి చాలాసార్లు ఆలోచించాను. 2024 జూన్‌లో నేనూ రెండు వాక్యాల ఉత్తరం రాసి రిజిస్ట్రీలో ఇచ్చాను. ఇంటికెళ్లి తొమ్మిది గంటలు నిద్రపోయాను.

తర్వాతి వారం ఆ ఎకరన్నర పొలం ఆవిడ ఫోన్ నంబరు పాత డైరీలో వెతికి పట్టుకున్నాను. నేను పేరు రాసిచ్చిన వకీలు ఫీజు ఎక్కువ చెప్పారట, కేసు వేయనే లేదు. అవే కాగితాలు అదే గుడ్డ సంచిలో పట్టుకొచ్చింది. పట్టాదారు పాస్ పుస్తకం, పాత పహాణీలు చూసి వకాలతు ఫారం ఆవిడ ముందు పెట్టాను. మా జూనియర్ వేలిముద్ర ప్యాడ్ కోసం సొరుగు వెతుకుతుంటే ఆవిడ నా చేతిలోని పెన్ను అడిగి తీసుకుని, నిదానంగా, ఇంటిపేరుతో సహా సంతకం పెట్టింది.