చవక ఫోనుకే బరువైన పొర

విశాఖలో డాబాగార్డెన్స్‌లో గానీ గాజువాకలో గానీ ఫోన్ల దుకాణంలోకి వెళితే, కౌంటర్ దగ్గరున్న కుర్రాడు ముందు కెమెరా చూపిస్తాడు, ఆ తర్వాత రామ్ ఎంతో, బ్యాటరీ ఎంతో చెబుతాడు. ఆండ్రాయిడ్ మీద ఆ ఫోన్ కంపెనీ ఒక పొరలా తన సొంతంగా ఏమేమి కలిపిందో, వాటిలో మనకు అక్కరలేనివాటిని తీసేసుకునే వీలుందో లేదో మాత్రం అతను చెప్పడు, కొనేవారు అడగరు. పొద్దున లేచింది మొదలు మన వేలు తాకేది ఆ పొరనే అయినా, కొనేటప్పుడు దాని ప్రస్తావనే రాకపోవడం నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం.

సాంకేతిక విషయాలపై ఆసక్తి ఉన్నవారిలో చాలామంది, గూగుల్ ఇచ్చిన తీరులోనే ఉండే స్టాక్ ఆండ్రాయిడే శుద్ధమైనదని, కంపెనీలు దానిపై వేసేదంతా చెత్తేనని తేల్చేస్తారు. ఆ తీర్పుతో నేను ఏకీభవించను. ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌లో అధికభాగం అపాచీ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద అందరికీ తెరిచి ఉంది. దాన్ని ఎవరైనా తీసుకుని తమకు తగినట్టు మార్చుకోవచ్చు. అలా మార్చుకునే వీలుండడం వల్లనే హెచ్‌టీసీ సెన్స్, శాంసంగ్ టచ్‌విజ్ అనే పొరలు ఆండ్రాయిడ్ మీదికి వచ్చాయి. 2010లో మొదలైన షావోమీ పొర ఎంఐయూఐ అయితే ఆ కంపెనీ సొంత ఫోన్ కంటే ఏడాది ముందే పుట్టింది. శాంసంగ్ 2012లోనే తన నోట్ పరికరాల్లో తెరను రెండుగా విభజించి రెండు యాప్‌లను పక్కపక్కన నడిపించగా, గూగుల్ ఆ సౌకర్యాన్ని ఫోన్లన్నిటికీ 2016లో, ఆండ్రాయిడ్ 7తో ఇచ్చింది. పొడవాటి పేజీ మొత్తాన్ని ఒకే స్క్రీన్‌షాట్‌గా తీసుకోవడం స్టాక్‌లోకి వచ్చింది 2021లో, ఆండ్రాయిడ్ 12తో. అప్పటికే ఎన్నో కంపెనీల ఫోన్లలో అది మామూలు విషయం. పూర్ణా మార్కెట్‌లో కొట్టు నంబరుకు ఒక వాట్సాప్, ఇంటి నంబరుకు మరొక వాట్సాప్ ఒకే ఫోన్‌లో పెట్టుకున్న వ్యాపారులకు ఏళ్ల తరబడి ఆ పని చేసిపెట్టింది కంపెనీలు కలిపిన డ్యూయల్ యాప్స్ సౌకర్యమే. ఒకే వాట్సాప్ యాప్‌లో రెండు ఖాతాలు పెట్టుకునే వీలు 2023లో గానీ రాలేదు.

పైగా మనం స్టాక్ అని పిలుచుకునేది కూడా నిజానికి ఉత్త ఆండ్రాయిడ్ కాదు. ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్‌ను ఉన్నదున్నట్టు ఫోన్‌లో ఎక్కిస్తే అందులో ప్లే స్టోర్ ఉండదు, మ్యాప్స్ ఉండదు, యూట్యూబ్ ఉండదు. గూగుల్ సొంత ఫోన్ పిక్సెల్‌లో కనిపించే లాంచర్ (హోమ్ తెరను నడిపే యాప్), కెమెరా, ఫోన్ యాప్ అన్నీ గూగుల్ తన కోసం తయారుచేసుకున్నవే కనుక, అదీ ఒక కంపెనీ పొరే. ప్లే స్టోర్ వంటి గూగుల్ యాప్‌లను ఇతర కంపెనీల ఫోన్లలో తప్పనిసరి చేసిన తీరుపై భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. మరుసటి జనవరిలో, మన దేశంలో అమ్మే ఫోన్లకు తన యాప్‌లను గుత్తగా కాకుండా విడివిడిగా కూడా లైసెన్సు ఇస్తామని గూగుల్ ప్రకటించింది.

కాబట్టి నా అభ్యంతరం పొర ఉండడంపై కాదు. అది ఎవరి నెత్తిన ఎంత బరువుతో పడుతోందన్నదే నన్ను కలవరపెడుతోంది. లక్ష రూపాయల ఫోన్‌లో 12 జీబీ రామ్ ఉంటుంది, ప్రకటనల బెడద తక్కువ, అక్కరలేని యాప్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి. పదివేల రూపాయల ఫోన్‌లో 4 జీబీ రామ్ పెట్టి, దానిలోనే ఆటలు, వార్తలు, రుణాల యాప్‌లు, కంపెనీ సొంత యాప్ స్టోరు, తాళం తెర మీద మారిపోయే ప్రకటనల బొమ్మలు, ఇన్నీ నింపి ఇస్తారు. మోయగలిగిన ఫోన్‌కు తేలిక పొర, మోయలేని ఫోన్‌కు బరువు పొర దక్కుతున్నాయి. మనం సొమ్ము చెల్లించి కొనుక్కున్న ఇంట్లో, అమ్మినవాడు తన సామాను ఒక గదిలో పెట్టి తాళం వేసుకుని వెళ్లిపోవడం వంటిదే ఇది.

దీనికి కారణం దాపరికమేమీ కాదు. 2018 ఏప్రిల్‌లో షావోమీ తన హార్డ్‌వేర్ వ్యాపారంపై నికర లాభం 5 శాతాన్ని మించనివ్వబోమని బహిరంగంగా ప్రకటించింది. పరికరాన్ని అంత తక్కువ లాభానికి అమ్మే కంపెనీ మిగతా ఆదాయాన్ని ఇంటర్నెట్ సేవల నుంచి, అంటే ప్రధానంగా ప్రకటనల నుంచి తెచ్చుకోవాలి. చవక ఫోన్ల వ్యాపారమంతా దాదాపు ఈ లెక్క మీదే నడుస్తోంది. ధర తగ్గినందుకు ప్రకటనలు చూస్తామని కొనేవారు తెలిసి ఒప్పుకుంటే అది న్యాయమైన బేరమే. కానీ ఏ దుకాణంలోనూ ఆ బేరం గురించి ఎవరూ నోరు విప్పరు.

ఈ మార్పులన్నిటిలోకి నేను ఎక్కువ హానికరమైనదిగా భావించేది ప్రకటనలను కాదు, వెనకాల నడిచే యాప్‌లను చంపేసే అలవాటును. బ్యాటరీ ఆదా కోసం గూగుల్ 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ అనే ఏర్పాటును తెచ్చింది. దానికి రాతపూర్వకమైన నియమాలున్నాయి, అత్యవసర సందేశాలకు దారి ఉంది. కొన్ని కంపెనీలు దానితో తృప్తిపడక, రీసెంట్స్‌లోంచి, అంటే ఇటీవల తెరిచిన యాప్‌ల జాబితాలోంచి, పక్కకు తోసిన యాప్‌ను పూర్తిగా ఆపేసే పద్ధతిని తమ పొరలో చేర్చాయి. ఇలా పూర్తిగా ఆగిపోయిన, అంటే ఫోర్స్ స్టాప్ అయిన యాప్‌కు, మనం మళ్లీ తెరిచేదాకా, ఆండ్రాయిడ్ నోటిఫికేషన్లను అందించదు. అది ముందుగా పెట్టుకున్న అలారాలూ రద్దయిపోతాయి. డబ్బాపై బ్యాటరీ రెండు రోజులు వస్తుందని రాసుకోవడానికి ఇది కంపెనీకి పనికొస్తుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బుకింగ్ కోసం ఎదురుచూసే ఆటో డ్రైవరుకు మాత్రం, మ్యాప్ చూసుకుని వచ్చేలోగా యాప్ ఆగిపోవడం అంటే ఒక బేరం పోవడమే.

మా పెదనాన్న ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. బీపీ మాత్రల కోసం ఆయన ఫోన్‌లో వేసిన యాప్ కొన్నాళ్లు బాగానే గుర్తుచేసింది, తర్వాత మౌనం వహించింది. “ఫోను బాగానే ఉందిరా, ఆ మాత్రల గంటే మోగడం లేదు” అన్నారు. తెర మీద ఏ యాప్ కనిపించినా పక్కకు తోసేసి శుభ్రంగా ఉంచుకోవడం ఆయన క్రమశిక్షణ, ఆ క్రమశిక్షణే యాప్‌ను చంపుతోందని ఆయనకు ఎవరు చెబుతారు? సెట్టింగ్స్‌లో బ్యాటరీకి ఒకచోట, యాప్ తనంతట తానే మొదలయ్యే ఆటోస్టార్ట్‌కు మరొకచోట అనుమతి ఇస్తే గానీ గంట మళ్లీ మోగలేదు. ఆటోస్టార్ట్ అనే ఆ అనుమతి అసలు ఆండ్రాయిడ్‌లో లేదు. అది కంపెనీ చేర్చినది. తప్పు యాప్ తయారుచేసినవారిది కాదు, వాడినవారిది అసలే కాదు.

చవక ఫోన్లకు తేలికైన ఆండ్రాయిడ్ ఇవ్వవచ్చని గూగుల్‌కు తెలియక కాదు. 2014 సెప్టెంబరులో ఆండ్రాయిడ్ వన్ కార్యక్రమం మొదలైంది మన దేశంలోనే, మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ ఫోన్లతో. 2017లో షావోమీ కూడా ఎంఐ ఏ1ను ఆ పేరు కిందే తెచ్చింది, నోకియా ఫోన్లు కొన్నేళ్లపాటు దాన్నే నమ్ముకున్నాయి. అది క్రమంగా సన్నగిల్లిపోవడాన్ని నేను ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద నష్టంగా లెక్కిస్తాను, ఎందుకంటే తేలికైన పొర అత్యవసరమైన ధరలో దాన్ని ఇచ్చే ప్రయత్నం అది.

అప్‌డేట్ల విషయంలో స్టాక్‌కు ఉన్న ఆధిక్యం ఇప్పుడు పాతమాట. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ప్రాజెక్ట్ ట్రెబుల్, చిప్‌కు సంబంధించిన భాగాన్ని పైభాగం నుంచి వేరుచేసి కంపెనీల పనిని తేలిక చేసింది. 2023లో పిక్సెల్ 8కు గూగుల్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామంటే, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24 ఫోన్లకు శాంసంగ్ కూడా అదే మాట ఇచ్చింది. ఇక్కడ కూడా ఆ ఏడేళ్లు ఖరీదైన ఫోన్లకే ముందు దక్కాయి.

కొనబోయేవారు దుకాణంలోనే డెమో ఫోన్ అడిగి, యాప్‌ల జాబితా తెరిచి, నాలుగైదింటిపై వేలు నొక్కిపట్టి, యాప్ ఇన్ఫో తెరిచి చూడాలని నా కోరిక. అన్‌ఇన్‌స్టాల్ వస్తే మంచిది, డిజేబుల్ వస్తే ఫరవాలేదు, రెండూ రాకపోతే అది మీ ఫోన్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది. ఇప్పటికే ఇంట్లో పెద్దల చేతిలో అలాంటి ఫోన్ ఉంటే, మందులు, బ్యాంకు, తుఫాను హెచ్చరికల యాప్‌లకు బ్యాటరీ పరిమితి తీసేసి ఆటోస్టార్ట్ ఇవ్వండి, రీసెంట్స్‌లో వాటికి తాళం గుర్తు పెట్టే వీలుంటే పెట్టండి. పెద్ద అప్‌డేట్ వచ్చిన తర్వాత ఈ అమరికలు కొన్ని ఫోన్లలో మళ్లీ మొదటికి వస్తాయి కాబట్టి, అప్‌డేట్ పూర్తయిన రోజే మరొకసారి చూసుకోవాలి.