ఓడలో లాబ్‌స్టర్, ఒడ్డున లాబ్‌స్టర్

ఈమధ్య మా ఆఫీసులో ఇద్దరు, చుట్టాల్లో ఒకరు వరసగా ఒకే మాట అడిగారు, "క్రూయిజ్‌లో లాబ్‌స్టర్ ఫ్రీ అంట కదా, నిజమేనా?" అని. నిజమే. (క్రూయిజ్ అంటే ఓడలోనే ఉంటూ, తింటూ ఊళ్ళు చుట్టొచ్చే విహారయాత్ర, లాబ్‌స్టర్ అంటే గట్టి గుల్ల ఉన్న పెద్ద సముద్రపు రొయ్యలాంటిది.) కానీ దానికోసమే టికెట్ కొందామనుకుంటే మాత్రం ఒక్క నిమిషం ఆగండి. మేం అమ్మానాన్నలని తీసుకుని వెళ్ళొచ్చిన ట్రిప్ గురించి చెప్తాను, విన్నాక మీ ఇష్టం.

2022 సెప్టెంబర్ మొదట్లో వెళ్ళాం. న్యూయార్క్‌లో ఓడ ఎక్కి, బోస్టన్, మెయిన్ అనే రాష్ట్రంలోని బార్ హార్బర్, అక్కణ్నుంచి కెనడాలో సెయింట్ జాన్, హాలిఫాక్స్ చూసుకుని వెనక్కి రావడం, మొత్తం 7 రాత్రులు. (అమ్మానాన్నలు ఇండియన్ పాస్‌పోర్ట్ మీద వస్తే ఈ రూట్‌కి కెనడా వీసా విడిగా కావాలి, అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీ అయ్యుండాలి. ఆఖర్లో చూసుకుని టెన్షన్ పడకండి.)

మాది భీమవరం పక్కన, ఉండి అనే ఊరి దగ్గర పల్లెటూరు. నాన్న 30 ఏళ్ళుగా రొయ్యల చెరువులు చేస్తున్నారు. అమ్మ పీతల పులుసు పెట్టిందంటే ఆ రోజు మా ఇంట్లో మాటలుండవు, కాళ్ళు కొరికే చప్పుడు తప్ప. కాబట్టి ఓడలో సీఫుడ్ అనగానే అందరికంటే వాళ్ళకే ఎక్కువ ఉత్సాహం.

ముందు ఓడలో పద్ధతి ఎలా ఉంటుందో చెప్తాను. టికెట్‌తో కలిపి వచ్చే పెద్ద డైనింగ్ హాల్ ఒకటి ఉంటుంది, రోజూ రాత్రి అక్కడ ఒకే టేబుల్, దాదాపు ఒకే వెయిటర్. వారం ట్రిప్‌లో సాధారణంగా రెండు ఫార్మల్ నైట్‌లు పెడతారు, అంటే అందరూ కోట్లు, పట్టుచీరలు వేసుకొచ్చే రాత్రులన్నమాట. లాబ్‌స్టర్ వచ్చేది ఎక్కువగా ఆ రెండోదాంట్లో. మూడు నాలుగు రోజుల ట్రిప్‌లలో చాలాసార్లు అసలు ఉండదు. బఫేలో వెతికినా దొరకదు. కొన్ని కంపెనీలు రెండో ముక్క అడిగితే డబ్బులు తీసుకుంటున్నాయి, ఎక్కిన రోజే వెయిటర్‌ని అడిగి తెలుసుకోవడం మంచిది. మా ఓడ సోమవారం బయల్దేరింది, లాబ్‌స్టర్ రాత్రి శనివారం పడింది. నాన్న శనివారం నీచు ముట్టరు. ఈ సంగతి నాకు ముందే తట్టి ఉండాల్సింది, తట్టలేదు. మర్నాడు ఇవ్వగలరా అని అడిగితే ఆ ఒక్క రాత్రే అన్నారు. మన పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు బయల్దేరే వారం చూసి లెక్క వేసుకోండి.

అయితే శనివారం కంటే ముందు గురువారం వచ్చింది, గురువారం బార్ హార్బర్.

అక్కడ ఓడ రేవుకి ఆనుకోదు, నీళ్ళల్లో దూరంగా లంగరేసి చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకి చేరుస్తారు. ఒడ్డు చేరుకునేలోపు నీళ్ళ మీద రంగురంగుల బుడ్లు వందల్లో తేలుతూ కనిపించాయి. ఒక్కో రంగు ఒక్కో జాలరిది, ఒక్కోదాని కింద ఒక బోను. మెయిన్‌లో లాబ్‌స్టర్‌ని బోనులోనే పట్టాలి, వల లాగడానికి వీల్లేదు, ఒక్కో లైసెన్సుకి 800 బోన్లకి మించకూడదు. ఊళ్ళో హోటళ్ళు బోలెడున్నాయి కానీ మేం టాక్సీ మాట్లాడుకుని ద్వీపం దాటి ట్రెంటన్ వైపు వెళ్ళాం, వంతెన పక్కనే బయట వరసగా పొయ్యిలు, కట్టెల మంట, పొగ, పెద్ద పెద్ద డేగిసాలు. ఇలాంటి చోట్లని అక్కడ లాబ్‌స్టర్ పౌండ్ అంటారు. తొట్టిలో బతికున్నవాటిని చూపిస్తే తూచి, మన కళ్ళముందే ఉడకేస్తారు. బతికున్నప్పుడు అది ఎర్రగా ఉండదు, నల్లగా, ఆకుపచ్చ కలిసినట్టు ఉంటుంది, ఉడికాకే ఎరుపు తిరుగుతుంది, మన రొయ్యలాగే.

అమ్మ డేగిసా దగ్గరికెళ్ళి నిలబడి, "ఉప్పు ఎంత వేశారో అడగరా" అంది. అడిగాను. ఉప్పు వెయ్యలేదు, అవి సముద్రం నీళ్ళే అన్నాడు. నేను తెలుగులో చెప్పేసరికి అమ్మ కాసేపు ఆ ఆవిరి వైపే చూస్తూ ఉండిపోయింది. 40 ఏళ్ళు చేపలు, పీతలు వండిన మనిషి, సముద్రం పక్కనే పుట్టిన మనిషి, సముద్రం నీళ్ళతో వండొచ్చని ఎవరూ అనగా వినలేదంది.

నాన్నకి మాత్రం వాటిని ఎలా పడతారన్నదే కావాలి. అక్కడున్నాయన ఓపిగ్గా చెప్పాడు, నేను మధ్యలో అనువాదం. పట్టిన ప్రతిదాన్నీ కంటి గుంట దగ్గర్నుంచి వీపు పెంకు చివరిదాకా కొలుస్తారు. 3.25 అంగుళాలకి తగ్గితే చిన్నది, 5 అంగుళాలు దాటితే మరీ పెద్దది, రెండూ వదిలెయ్యాలి. గుడ్లతో ఉన్న ఆడది దొరికితే తోక రెక్కలో 'వి' ఆకారంలో చిన్న గాటు పెట్టి నీళ్ళల్లో వదులుతారు, ఆ గాటు ఉన్నదాన్ని తర్వాత ఎవరు పట్టినా, అప్పుడు గుడ్లు లేకపోయినా సరే, వదలాల్సిందే. పట్టుకునే సైజు రావడానికే ఆరేడేళ్ళు పడుతుంది. నాన్న విని, "అయితే బ్రూడర్లని సముద్రంలోనే దాచుకుంటున్నారు వీళ్ళు" అన్నారు. బ్రూడర్లంటే గుడ్లు పెట్టే తల్లిరొయ్యలు. హేచరీకి డబ్బు కట్టి సీడ్, అంటే రొయ్యపిల్లల్ని, తెచ్చుకుని వంద రోజుల్లో పట్టుబడి చేసే మనిషి ఆయన. ఆయన గొంతులో అసూయ లేదు, గౌరవమే వినిపించింది నాకు.

ఇంకో సంగతి, నా మటుకు ఈ పోస్టు మొత్తానికీ ముఖ్యమైనది. వేసవి చివర్లో లాబ్‌స్టర్లు గుల్ల మార్చుకుంటాయి. కొత్త గుల్ల మెత్తగా ఉంటుంది, లోపల మాంసం కొంచెం తక్కువ, నీరు ఎక్కువ, కానీ తియ్యదనం వేరు. చేత్తో విరిస్తే విరిగిపోతుంది, గుల్ల పగలగొట్టడానికి ఇచ్చే అడకత్తెర లాంటి పనిముట్టుతో పనే లేదు. మా చెరువుల్లో గుల్ల మార్చిన రోజున రొయ్య పట్టామంటే కంపెనీవాళ్ళు 'సాఫ్ట్' అని రేటు కోస్తారు. ఇక్కడా దాని రేటు గట్టి గుల్ల దానికంటే తక్కువే, కానీ ఊళ్ళో వాళ్ళు దాన్నే ఏరి తింటారట. అది దూర ప్రయాణానికి తట్టుకోదు, దారిలో చచ్చిపోతుంది. చచ్చిన లాబ్‌స్టర్ మాంసం చాలా త్వరగా పాడవుతుంది. అందుకే ఆ రుచి కావాలంటే ఆ ఒడ్డునే, ఆ నెలల్లోనే.

తిన్నాం. ఎలా ఉందంటే, పీత తియ్యదనం, రొయ్య బిగువు రెండూ ఒకే ముక్కలో ఉన్నట్టు. కరిగించిన వెన్న చిన్న గిన్నెలో ఇచ్చారు, పక్కన మొక్కజొన్న పొత్తు. అమ్మ దాని గోళ్ళు, కాళ్ళు, చివరికి కాళ్ళల్లో సన్నటి గొట్టాలు కూడా వదల్లేదు, పక్క టేబుల్‌లో పెద్దావిడ తన భర్తకి అమ్మని చూపించి మరీ నేర్పింది. తలలో ఆకుపచ్చ గుజ్జు ఉంటుంది, అది మాత్రం నేను తిననివ్వలేదు. విషాలు పేరుకునే చోటు అదేనని, తినొద్దని మెయిన్ ఆరోగ్యశాఖే చెప్తుంది. మన పీతల అలవాటుతో మనవాళ్ళ చెయ్యి ముందు అక్కడికే పోతుంది, గుర్తుపెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఆఖరి పడవ టైమ్ చూసుకుంటూ టాక్సీలో నాకు గుండె దడ, వెనక సీట్లో అమ్మ చేతివేళ్ళు వాసన చూసుకుంటోంది.

ఇక శనివారం. అమ్మ మంగళగిరి పట్టుచీర కట్టింది, నాన్న జీవితంలో మొదటిసారి కోటు వేశారు. హాలంతా వెలుగు, వందల ప్లేట్లు ఒకేసారి బయటికి వచ్చాయి. ప్లేట్‌లో ఒక తోక, చీల్చి పైన ఎర్రటి పొడి చల్లి కాల్చారు, కొంచెం అన్నం, బ్రోకలీ. హెడ్ వెయిటర్ వచ్చి ఫోర్కు, చెంచాతో ఒక్క తిప్పు తిప్పి మాంసం మొత్తం ఊడదీసి పెట్టాడు, ఆ నేర్పు నిజంగా చూడాల్సిందే. అమ్మ ప్లేట్ చూసి, "తలకాయ ఏదిరా?" అంది.

తల లేదు, గోళ్ళు లేవు. కొరికితే సాగింది. గురువారం తినకపోయి ఉంటే బాగుందనే అనేవాళ్ళమేమో, ఉప్పూ వెన్నా ఉన్నాయి కదా. అమ్మ సగం తిని నా ప్లేట్‌లో పెట్టేసింది. ఆ రాత్రి పనీర్ కూర తిన్న నాన్నే సంతోషంగా ఉన్నారు.

వంటవాళ్ళ తప్పని నేను అనను. 3 వేల మందికి ఒకే రాత్రి, గంటా రెండు గంటల తేడాలో వడ్డించాలంటే బతికున్న లాబ్‌స్టర్లని ఓడలో పెంచలేరు. బయల్దేరే రేవులో ఒక్క రోజులోనే వారం సరుకంతా ఎక్కించుకోవాలి, కాబట్టి గడ్డకట్టిన తోకలే వస్తాయి. వాటిని పెద్ద పెద్ద ట్రేల్లో కాల్చి వేడిగా నిలబెడతారు, నిలబడిన ప్రతి నిమిషం ఆ మాంసం బిగుసుకుంటుంది. ఓడల్లో వచ్చే తోకలు చాలావరకు గోళ్ళు లేని జాతివి, వెచ్చటి సముద్రాల్లో దొరికేవి. మన విశాఖ వైపు రాతిరొయ్య అంటారే, ఆ కుటుంబమే. మెయిన్ తీరంలో తేలుతున్న ఓడలో మనం తినేది వేల మైళ్ళ అవతల కరీబియన్ లాబ్‌స్టర్ కావచ్చు.

ఆ కరీబియన్ పేరు విని ఇంటికొచ్చాక కొంచెం చదివాను, చదివింది ఇప్పటికీ మనసులోంచి పోవట్లేదు. మధ్య అమెరికాలోని హోండురాస్, నికరాగ్వా దేశాల తీరంలో మిస్కీటో అనే తెగవాళ్ళు ఈ లాబ్‌స్టర్ కోసం సరైన సామాన్లు, శిక్షణ లేకుండా రోజుకి ఎన్నోసార్లు లోతుకి దిగుతారు. తొందరగా పైకి రావడం వల్ల రక్తంలో గాలిబుడగలు ఏర్పడి నడుము కింద చచ్చుబడిపోయినవాళ్ళు వాళ్ళల్లో ఎంతోమంది. 42 మంది డైవర్ల కేసు అంతర్-అమెరికా మానవహక్కుల కోర్టుదాకా వెళ్ళింది, 2021 ఆగస్టులో హోండురాస్ ప్రభుత్వం తన బాధ్యతను ఒప్పుకున్న ఒప్పందాన్ని కోర్టు ఆమోదించింది. నా ప్లేట్‌లోది అక్కడిదే అనడం లేదు. ఎక్కణ్నుంచి వచ్చింది, ఎలా పట్టారు అని మాత్రం ఇప్పుడు ప్రతిసారీ అడుగుతున్నాను. మనందరం అడిగితే బాగుంటుంది, అడగడానికి మొహమాటపడకండి.

బార్ హార్బర్ గురించి ఇంకో మాట. మేం వెళ్ళొచ్చిన రెండు నెలలకి ఆ ఊరివాళ్ళు ఓటు వేసి, ఓడల నుంచి రోజుకి 1,000 మందికి మించి దిగకూడదని తీర్మానం చేశారు. చిన్న ఊరు, వాళ్ళ బాధ వాళ్ళది, నాకు తప్పనిపించలేదు. కాకపోతే మీ ఓడ అక్కడ ఆగుతుందో లేదో బుక్ చేసేముందే చూసుకోండి. ఆగకపోతే మెయిన్‌లోనే ఉన్న పోర్ట్‌లాండ్, కెనడాలో హాలిఫాక్స్‌లలో కూడా మంచిది దొరుకుతుంది, ఓడ దిగి తినండి, ఓడలో మాత్రం సూపులూ చేపలూ తినండి, అవి బాగానే చేశారు.

రొయ్యలు కూడా బాగున్నాయి. మొదటి రాత్రి నుంచీ నాన్న రోజూ ష్రింప్ కాక్‌టెయిలే తెప్పించుకున్నారు, ఒక్క శనివారం తప్ప. చల్లటి ఉడికించిన రొయ్యలు, పక్కన టమాటా సాస్. మొదటిసారే ఒకటి వేళ్ళతో పట్టుకుని, వంపు చూసి, తోక దగ్గర నొక్కి, "30 కౌంట్‌రా, వెన్నామీ. ఇది మన రొయ్య" అన్నారు. కిలోకి 30 తూగేదన్నమాట, వెన్నామీ అంటే మా చెరువుల్లో పెంచే రొయ్య జాతి. నేను నమ్మలేదు, అయినా అప్పట్లో అమెరికా దిగుమతి చేసుకునే రొయ్యల్లో ఎక్కువ మన దేశానివే, మన దేశంలో ఎక్కువ పండించేది ఆంధ్రే, అయ్యుండొచ్చు కూడా అనిపించింది. మా వెయిటర్ గోవా కుర్రాడు, విషయం చెప్తే నవ్వి వెళ్ళిపోయాడు. ఆదివారం రాత్రి, ట్రిప్‌లో ఆఖరి భోజనం, మందుబిల్లల డబ్బా అంత అట్టముక్క ఒకటి తెచ్చి నాన్న ప్లేట్ పక్కన పెట్టాడు, కిచెన్‌లో రొయ్యల పెట్టె మీద నుంచి చింపి తెచ్చింది. ప్రోడక్ట్ ఆఫ్ ఇండియా అని ఉంది, కింద లాటిన్‌లో వెన్నామీ పేరు.

నాన్న దాన్ని రుమాలుతో తుడిచి కోటు జేబులో పెట్టుకున్నారు. ఇప్పుడది ఉండిలో, చెరువు గట్టు మీద షెడ్డులో, ఏరేటర్ల స్విచ్‌బోర్డు పక్కన మేకుకి గుచ్చి ఉంది.