పునీత దేవసహాయం

"అన్నా, ఫాదర్ కాకపోయినా పునీతుడు అవ్వొచ్చా?" ఇవాళ చర్చిలో పూజ అయ్యాక కాయిర్‌లో పాడే తమ్ముడు అడిగాడు. పునీతుడంటే కతోలిక సభ సెయింట్‌గా ప్రకటించిన మనిషి. వెంటనే నా నోట వచ్చిన పేరు దేవసహాయం.

అసలు పేరు నీలకంఠ పిళ్ళై. తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో ఉద్యోగం, పెళ్ళయిన మనిషి. యుద్ధంలో పట్టుబడిన డచ్ సేనాని డి లనోయ్ ద్వారా క్రీస్తును తెలుసుకుని 1745లో జ్ఞానస్నానం పొందాడు. ఆ తర్వాత తక్కువ కులాలన్నవాళ్ళతో కలిసి కూర్చుని తిన్నాడు. కొలువులో వాళ్ళకి అది మింగుడు పడలేదు. పట్టుకుని, గేదె మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊళ్ళన్నీ తిప్పారు. 1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి కొండమీద కాల్చేశారు. సమాధి నాగర్‌కోయిల్ కొట్టార్ చర్చిలో ఉంది.

దైవసేవకుడు, పూజ్యుడు, ధన్యుడు, పునీతుడు: ఒకరిని పునీతుడిగా ప్రకటించేదాకా ఉండే మెట్లు ఇవీ. మామూలుగా ధన్యుడు కావడానికి ఒక అద్భుతం, పునీతుడు కావడానికి మరొకటి కావాలి. వేదసాక్షికి, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడికి, మొదటిది అక్కర్లేదు. చాలామంది ఫైళ్ళు ఆగేది అద్భుతం దగ్గరే. ఆయన్ని వేడుకున్నవాళ్ళ రోగం పూర్తిగా తగ్గాలి, మళ్ళీ రాకూడదు, వైద్యానికి అందనిదని డాక్టర్లు తేల్చాలి. మందులతోనే తగ్గిందేమో అన్న అనుమానం మిగిలినా లెక్కలోకి రాదు. ఇద్దరు ముగ్గురు పునీతులని కలిపి వేడుకుని ఉంటే, ఎవరి మధ్యవర్తిత్వమో తేలదు!

దేవసహాయం 2012లో ధన్యుడయ్యాడు. 2022 మే 15న పోప్ ఫ్రాన్సిస్ పునీతుడిగా ప్రకటించారు. ఆలోగా పేరు చివర కులాన్ని చెప్పే 'పిళ్ళై' తీసేశారు. పంక్తి భోజనంలో కులాన్ని పక్కన పెట్టిన మనిషికి, నా దృష్టిలో అదే సరైన గౌరవం.