థార్ ఎడారిలో ఐదు బళ్ళు: ఖూరీ ఇసుకలో నాకు జరిగింది

నిన్న తెల్లవారుజామున ఇల్లు చేరాను. అరచేతుల్లో బొబ్బలు ఇంకా మానలేదు, ఎడమచేతి వేళ్ళు మడిస్తే నొప్పి. మనసులో మంట ఆరకముందే రాసేద్దామని కూర్చున్నాను.

రాజస్థాన్‌లో జోధ్‌పూర్‌లో మొదలుపెట్టి జైసల్మేర్, ఖూరీ అనే ఊరు, పాకిస్తాన్ సరిహద్దు వైపున్న తానోత్, లోంగేవాలా చూసుకుని మళ్ళీ జోధ్‌పూర్. ఐదుగురు స్నేహితులం, ఐదు మోటారుసైకిళ్ళు, ఆరు రోజులు, వెయ్యి కిలోమీటర్ల పైమాట. అందులో ఒక గంటన్నర నన్ను ఇంకా వదలడం లేదు. మిగతాది త్వరగా చెప్పేసి దాని దగ్గరికి వస్తాను.

వెళ్తే చలికాలంలోనే వెళ్ళండి. జోధ్‌పూర్, జైసల్మేర్‌ల మధ్య ప్రాంతంలోనే ఫలోదీ అనే ఊరుంది. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీల ఎండ నమోదైంది. మేం జనవరిలో వెళ్ళాం. పగలు హాయిగా ఉంది, పొద్దున్నే మాత్రం జాకెట్ లోపల న్యూస్ పేపర్లు పరుచుకుని బండెక్కాల్సి వచ్చింది.

రైల్లో వెళ్ళి జోధ్‌పూర్‌లో బళ్ళు అద్దెకు తీసుకున్నాం. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అద్దె బండికి నల్ల నంబరు ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల ప్లేటు బండి ఇస్తే తీసుకోకండి, పోలీసులు ఆపితే మీరే ఇరుక్కుంటారు. మాకిచ్చినవి నల్ల ప్లేటువే. కానీ నా వంతు వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 క్లచ్ మొదటినుంచీ తేడాగా ఉంది. లివరు దాదాపు పూర్తిగా వదిలితే గానీ బండి కదిలేది కాదు. ప్లేట్లు అరిగిపోయాయని అప్పుడే చెప్పాను. "పర్వాలేదు సార్, పోయి రండి" అన్నాడు షాపువాడు. బండికి ఐదు వేలు డిపాజిట్ కట్టించుకున్నాడు. నేను టైర్లకీ ట్యాంకుకీ ఫొటోలు తీశాను గానీ క్లచ్ సంగతి కాగితం మీద రాయించలేదు. మీరు రాయించండి. రాయనంటే ఆ షాపు వదిలేసి ఇంకో షాపుకు వెళ్ళండి.

మొదటిరోజు ఖేజడ్లీ వెళ్ళాం. జోధ్‌పూర్‌కు పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం. 1730లో రాజుగారి మనుషులు ఖేజ్రీ చెట్లు కొట్టడానికొస్తే అమృతాదేవి అనే బిష్ణోయ్ సముదాయపు ఇల్లాలు చెట్టును కావలించుకుని ప్రాణమిచ్చింది. ఆమె వెనకే మొత్తం 363 మంది అలాగే చనిపోయారు. ఆ ఖేజ్రీ చెట్టును చూశాక మాలో ఒకడు "రేయ్, ఇది మన జమ్మిరా" అన్నాడు. నిజమే. దసరానాడు మనం ఆకు తెంపి చేతిలో పెట్టుకునే జమ్మే అది. అక్కడ ఎడారికి ప్రాణమే ఆ చెట్టు. దాని కాయల్నే సాంగ్రీ అని కూర వండుతారు, ఆకు మేకలకీ ఒంటెలకీ మేత. ఆ తర్వాత దారిపొడవునా జమ్మిచెట్టు కనిపించినప్పుడల్లా మనవాళ్ళెవరో ఎదురైనట్టనిపించింది.

జైసల్మేర్ రోడ్డు సుమారు 280 కిలోమీటర్లు, అద్దంలా ఉంది. దారిలో పోఖ్రాన్. ఆవులు, ఒంటెలు అడ్డమొస్తాయి, జాగ్రత్త. ఆ రోజు గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఇక మా పద్ధతి. గుంపుగా వెళ్ళేటప్పుడు ఒకరి వెనకొకరు గీత గీసినట్టు వెళ్ళకూడదు. ముందువాడు రోడ్డుకు కుడివైపుంటే తర్వాతివాడు ఎడమవైపు, రెండు సెకన్ల ఎడం. అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇంకొకటుంది. ప్రతి ఒక్కరూ తమ వెనకవాడి హెడ్‌లైటును అద్దంలో చూసుకుంటూ ఉండాలి. కనబడకపోతే నెమ్మదించాలి, అప్పటికీ రాకపోతే ఆగిపోవాలి. నాలుగోవాడు ఆగితే మూడోవాడు ఆగుతాడు, అలా ముందువాడి దాకా అందరూ ఆగుతారు. ఈ పద్ధతి పాటిస్తే ఎవరూ తప్పిపోరు. బయల్దేరే ముందు రైల్లో ఇది నేనే అందరికీ చెప్పాను. పన్నెండేళ్ళుగా బండి మీద తిరుగుతున్నాను. లేహ్ వెళ్ళొచ్చాను, వానలో అరకు ఘాటు ఎక్కాను, ఒక్కసారీ కింద పడలేదు. అందుకే పంక్చర్ సామాను, గాలి పంపు, స్పానర్లు నా దగ్గరే పెట్టుకుని చివరి బండి నేను నడిపాను. ముందు బండి మా కెప్టెన్‌ది. కాలేజీ రోజుల్లో క్రికెట్ టీముకు కెప్టెన్, ఆ పేరే మిగిలిపోయింది.

మూడోరోజు ఖూరీ. జైసల్మేర్‌కు నైరుతిగా నలభై, నలభై అయిదు కిలోమీటర్లు. రోడ్డు ఉంది, దాన్నే పట్టుకుని పోతే సరిపోయేది. ఊరికి కొద్ది దూరంలో ఒంటెబండ్లు తిరిగే ఇసుకబాట కనబడింది. కెప్టెన్ చెయ్యి ఊపి అటు తిప్పేశాడు. ఇసుకలో నడుపుతుంటే వీడియో బాగా వస్తుందని అతని ఆశ. ఆ ఉదయమే బండి కుడి అద్దం పీకి, ఆ బోల్టు కన్నంలో కెమెరా బిగించాడు. నేను చూశాను. చూసి కూడా ఏమీ అనలేదు. ఇవాళ్టికీ నన్ను బాధపెట్టేది ఇదే.

ఇసుకలో చివరి బండికి అందరికంటే ఎక్కువ కష్టం. ముందు వెళ్ళిన నాలుగు బళ్ళూ పైపొరను దున్నేసి వెళ్తాయి, మిగిలేది పిండిలాంటి ఇసుక. నిలబడి, బరువు వెనక్కి వేసి, చూపు దూరంగా పెట్టి, యాక్సిలరేటర్ తగ్గించకుండా పోవాలి. ముందు బ్రేకు ముట్టుకోకూడదు. ఇవన్నీ నాకు తెలుసు. కానీ చిన్న ఎత్తు ఎక్కేచోట ముందు చక్రం పాములా మెలికలు తిరిగేసరికి చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ వదిలేసింది. అంతే, చక్రం దిగబడింది. 195 కిలోల బండి, దానిమీద సామాను. కోపంగా రేజ్ చేశాను. వెనక చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటూ సైలెన్సర్ దాకా కూరుకుపోయింది. క్లచ్ ప్లేట్లు మాడిన వాసన వచ్చింది. అప్పుడు టైం మూడుంపావు.

హారన్ కొట్టాను. ఎత్తు అవతల నాలుగు బళ్ళ చప్పుడు దూరమై, తర్వాత అదీ ఆగిపోయింది. ఫోనులో సిగ్నల్ లేదు. ఐదు నిమిషాల్లో వస్తారనుకున్నాను. పది నిమిషాలు. ఇరవై. ఒక్కణ్ణే బండిని వెనక్కి లాగాను, పక్కకి లాగాను, చేతుల్తో ఇసుక తోడాను. తోడినంతా మళ్ళీ జారి నిండింది. అరలీటరు నీళ్ళున్నాయి. నా దగ్గర పంపు, పంక్చర్ సామాను ఉన్నాయి కాబట్టి వాళ్ళకెవరికైనా టైరు పోయిందేమో, అందుకే రాలేకపోతున్నారేమో అని భయపడ్డాను. నిజంగా వాళ్ళ కోసమే భయపడ్డాను. కొంచెం దూరంలో ఒక జమ్మిచెట్టుంది, దాని నీడలో కూర్చున్నాను. అంత నిశ్శబ్దంలో ఎప్పుడూ కూర్చోలేదు. నా గుండె చప్పుడు నాకే వినబడింది.

గంట దాటాక గడ్డి వేసుకుని ఒక ఒంటెబండి వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక కుర్రాడు. "రామ్ రామ్ సా" అన్నాను. "ఒక్కడివేనా?" అని హిందీలో అడిగాడు పెద్దాయన. నలుగురు స్నేహితులు ముందున్నారని చెప్పాను. ఆయన కాసేపు నన్నూ బండినీ చూసి, "నాలుగు మోటారుసైకిళ్ళా? ఊళ్ళో టీ కొట్టు దగ్గరున్నారు, నవ్వుకుంటున్నారు" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు కాళ్ళలో సత్తువ పోయింది.

ఆ ముగ్గురూ చేసింది చూసి నేర్చుకున్నాను. ముందుగా నా బండిని గొయ్యి పక్కకి మెల్లగా పడుకోబెట్టించారు. ఇసుకలో పడుకోబెడితే బండికేం కాదు, కాస్త పెట్రోలు కారుతుందంతే. చక్రం లేచాక గొయ్యిని కాళ్ళతో పూడ్చారు. వెనక చక్రం పట్టుకుని బండిని దిగుడువైపు తిప్పి లేపారు. చక్రం కింద గడ్డి పరిచారు. నేను టైర్లలో గాలి తగ్గించాను. వెనక టైరులో ముప్పై పైన ఉన్నది పద్దెనిమిదికి దించాను. ఇంకా దించితే ట్యూబు జరిగి వాల్వు తెగే ప్రమాదముంది. సీటెక్కకుండా పక్కన నడుస్తూ ఫస్టు గేరులో కొద్దికొద్దిగా పోనిచ్చాను, వాళ్ళు వెనకనుంచి తోశారు. పావుగంటలో గట్టినేల మీదికొచ్చాం. ఐదొందలడిగారు. సంతోషంగా ఇచ్చాను. బేరమాడలేదు, ఆడకూడదు కూడా. వాళ్ళు లేకపోతే రాత్రి ఆ చలిలో ఏమయ్యేవాణ్ణో.

సరిగ్గా ఆ చివరి పది గజాల్లో మా నలుగురూ తిరిగొచ్చారు. నేను వంగి, నోట్లో ఇసుకతో, హ్యాండిల్ పట్టుకుని రొప్పుతున్నాను. కెప్టెన్ కెమెరా మీద ఎర్రలైటు వెలుగుతూ ఉంది. "ఏం మామా, పన్నెండేళ్ళ అనుభవం ఇసుకలో కలిసిపోయిందా?" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. ఆ ఒంటెబండి పెద్దాయన నవ్వలేదు. తలపాగా సర్దుకుని నేలవైపు చూశాడు. నా గొంతు పట్టేసింది, జవాబు రాలేదు.

రాత్రి మేం బస చేసిన గుడిసెల దగ్గర నెగడు ముందు అడిగాను. నా ముందు నడిపినవాడు నేను ఆగడం చూశాడట, మూత్రానికి ఆగాననుకున్నాడట. తర్వాతి ఇద్దరూ ఇసుకలో బండి నిలుపుకోవడమే గగనమై అద్దం వైపు చూడలేదన్నారు. అది నమ్ముతాను. కానీ టీ కొట్టు దగ్గర ఆగాక? నలుగురు కూర్చుని నాలుగు టీలు చెప్పినప్పుడు ఐదోవాడేడని ఒక్కరికీ అనిపించలేదా? "నాకెలా తెలుస్తుందిరా?" అన్నాడు కెప్టెన్. "అద్దం ఉంటే తెలిసేది" అన్నాను. అంతలో మా ఆవిడ ఫోన్ చేసింది. "ఏమండీ, పడ్డారా? దెబ్బలేమైనా తగిలాయా?" అని కంగారు. మా ఇళ్ళవాళ్ళందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఆ వీడియో అప్పటికే పెట్టేశాడు. మా అబ్బాయి కూడా చూశాడు. లేచి గుడిసెలోకి వెళ్ళి పడుకున్నాను. ఎవరితోనూ మాట్లాడలేదు.

గుంపుగా వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. మీ లీడరు ఎంత వేగంగా నడుపుతాడన్నది చూడకండి, ఎన్నిసార్లు వెనక్కి చూస్తాడన్నది చూడండి. అద్దం పీకిన బండిని ముందు నడవనివ్వకండి. ఇసుకలోకి దిగాలంటే ఐదుగురూ దిగి, నడిచి చూసి, ఒప్పుకున్నాకే దిగండి. అసలు దిగకపోవడమే మేలు. ఆ చుట్టుపక్కల 3162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయ ఉద్యానం ఉంది, అంతరించిపోతున్న బట్టమేక పిట్టలకు మిగిలిన పెద్ద ఆశ్రయం అదే. మా నంద్యాల వైపు రోళ్ళపాడులో ఈ పిట్ట కోసమే అభయారణ్యం పెట్టారు, చిన్నప్పుడు మా నాన్న నన్ను చూపించడానికి తీసుకెళ్ళాడు. నేలమీదే, మామూలుగా ఒక్క గుడ్డే పెట్టే పక్షి. వీడియో కోసం అలాంటి నేల మీద చక్రాలు తిప్పడానికి మనకేం హక్కుంది? ఆ రోజు నేనూ తిప్పాను, అది తప్పు.

నాలుగోరోజు పొద్దున్న నేను లేచేసరికి కెప్టెన్ స్పానరుతో తన బండి దగ్గర కూర్చున్నాడు. కెమెరా తీసేసి అద్దం బిగిస్తున్నాడు. ఏమీ అనలేదు, నేనూ అనలేదు. జైసల్మేర్ వచ్చి, రాంగఢ్‌లో ట్యాంకులు నింపుకుని తానోత్ వెళ్ళాం. తానోత్ మాత గుడి బాధ్యత సరిహద్దు భద్రతా దళానిదే, జవాన్లే పూజ చేస్తారు. 1965 యుద్ధంలో పడి పేలని గుండ్లు గుడిలోనే పెట్టారు. అక్కణ్ణుంచి లోంగేవాలా. 1971 డిసెంబరు 4 రాత్రి మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి సుమారు 120 మందితో పాకిస్తాన్ ట్యాంకులను అడ్డుకున్న చోటది. ఆ ట్యాంకుల్లో ఎన్నో మెత్తటి ఇసుకలో కూరుకుపోయాయి. తెల్లవారాక మన హంటర్ విమానాలొచ్చి వాటిని ఒక్కొక్కటిగా కొట్టాయి. అక్కడ పెట్టిన ట్యాంకు గొలుసుచక్రాల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ముందురోజు ఆ ఇసుక ఏం చేస్తుందో నా చేతులతో తెలుసుకున్నాను కాబట్టి, రాత్రంతా ఆ మైదానం ఎలా ఉండి ఉంటుందో కళ్ళకు కట్టింది.

తిరుగు ప్రయాణంలో నా క్లచ్ జారుతూనే ఉంది. టాపు గేరులో రేజ్ పెరిగేది గానీ బండి వేగం పెరిగేది కాదు. అరవై దాటకుండా జోధ్‌పూర్ దాకా లాక్కొచ్చాను. మిగతా నలుగురూ ఆ అరవైలోనే వచ్చారు. చైన్లకు పట్టిన ఇసుకను ప్రతి బంకు దగ్గరా పొడిగుడ్డతో తుడిచాం. నూనె వేస్తే ఇసుక అంటుకుని చైన్ను ఆకురాయిలా అరగదీస్తుంది.

షాపువాడు బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, క్లచ్ మాడగొట్టారని డిపాజిట్‌లోంచి మూడున్నర వేలు కోసుకున్నాడు. బండి ఇచ్చిన రోజే అరిగిపోయిందని చెప్పానన్నా వినలేదు. రాతపూర్వకంగా ఏమైనా ఉందా అన్నాడు. లేదు. అరగంట వాదించాను, రైలు టైం అయిపోతోందని వదిలేశాను. ఆ డబ్బు నాకు రావలసిందే, ఇప్పటికీ అదే అంటాను.

స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద కెప్టెన్ నా పక్కనొచ్చి కూర్చున్నాడు. గ్రూపులోంచి ఆ వీడియో తీసేశానని ఫోను చూపించాడు. తర్వాత జేబులోంచి పదిహేడు వందల యాభై తీసి నా చేతిలో పెట్టాడు. "సగం నాది మామా" అన్నాడు. తీసుకున్నాను.