కుర్చీ లేని చోటు

మా డ్రాయింగు మాస్టారు నిన్న నా బొమ్మ చూసి "సరే" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం మామూలు విషయం కాదు. ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నాను.

చెన్నైలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు చిత్రలేఖనం నేర్చుకుంటున్నాను. గీతలు, ఆకారాలు ఇబ్బంది పెట్టలేదు. వెలుగునీడలూ అంతే: కళ్లు సగం మూసి చూస్తే వివరాలు చెరిగిపోయి చీకటి, వెలుతురు మిగులుతాయి. లేత నీడకు హెచ్‌బీ, ముదురు నీడకు 6బీ పెన్సిలు.

గండమంతా కుర్చీ దగ్గరే. గది మధ్యలో పాత చెక్క కుర్చీ వేయించి, "కుర్చీని గీయకండి, కుర్చీ లేని చోటును గీయండి" అన్నారు మాస్టారు. ఎలాగండీ అంటే "చూస్తే తెలుస్తుంది" అని టీ తాగడానికి వెళ్లిపోయారు. తిరిగొచ్చి నా కాగితం లాక్కుని, బోర్డుకు తలకిందులుగా గుచ్చి, "ఇదేమిటో చెప్పండి" అని నాతోపాటు నేర్చుకునే పిల్లలను అడిగారు. ఒకడు సాలెపురుగు అన్నాడు. ఇంకొకడు విరిగిన మంచం అన్నాడు. అంతా తమిళంలోనే. నాకు తమిళం బాగా వచ్చు, అదీ నా ఖర్మ! వారమంతా నా సంతకం కోసం జనం వరుసలో నిలబడతారు. ఆదివారం పదేళ్ల పిల్లల ముందు నాకీ మర్యాద.

విషయం విప్పి చెప్పింది మాస్టారు కాదు, ఎగ్మోరు లలితకళల కళాశాలలో చదువుతూ అక్కడికి సాయానికి వచ్చే అమ్మాయి. అట్టముక్కలో నలుచదరపు కన్నం కోసి నా చేతికిచ్చింది. "సార్, ఇందులోంచి చూడండి. అట్ట అంచుకూ కుర్చీ వీపుకూ మధ్య ఉన్నదీ ఒక ఆకారమే. దానికి పేరు లేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టే కనిపిస్తుంది" అంది. నిజమే. కుర్చీ అనగానే పీట నలుచదరమని మనసు ముందే తీర్పు చెప్పేస్తుంది. ముందుకాలికీ అడ్డకర్రకూ నడుమ ఖాళీ మాత్రం పైన వెడల్పుగా, కింద సన్నగా, ఒక పక్కకు ఒరిగి ఉంది. అలాంటి ఖాళీలన్నీ ఒక్కొక్కటిగా నలుపు చేసుకుంటూ పోతే, చివరికి తెల్లగా కుర్చీ తేలింది.

ఇంటికి వెళ్లి బాపు గారి బొమ్మలు తీసి చూశాను. ఆయన ఎంత కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేశారో చూడండి! బొమ్మను సరిగ్గా నడిమధ్యలో పెడితే చుట్టూ ఖాళీలు సమానమై చప్పబడతాయి. ఓ పక్కకు జరిపితే పెద్ద ఖాళీ, చిన్న నలుపు ఒకదానికొకటి తూగుతాయి.

ఇక సలహాలు. మాస్టారు చెప్పిన దుకాణంలోనే రంగులు కొననక్కర్లేదు. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు గొట్టాలు చాలు. ఎరుపులో కొంచెం ఆకుపచ్చ కలిపితే దాని పొగరు అణుగుతుంది. తీరిక దొరికితే చెన్నై నుంచి సముద్రతీరం వెంట సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద చోళమండలానికి వెళ్లండి. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ నెలకొల్పిన చిత్రకారుల ఊరు అది. అక్కడ మిమ్మల్ని ఎవరూ బోర్డుకు గుచ్చరు. ఫీజు మాత్రం ఏడాదికి ఒకేసారి కట్టకండి. నేను కట్టాను కాబట్టే ఆ సాలెపురుగు రోజు లేచి వెళ్లలేకపోయాను.